రీస్టార్ట్ కొడితే మళ్లీ మొదటికి: ఫ్రీజ్ చేసిన కంప్యూటర్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

కోస్తాలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబులు చూసుకోవడం నా పని. మొత్తం 120 సిస్టమ్‌లు. ఒక్కో కుర్చీలో రోజుకు నలుగురైదుగురు కూర్చుని లేస్తారు. వెనకటికి సాయంత్రం తాళం వేసే ముందు ఒక చుట్టు చుట్టి వస్తే, ఒకదాని మీద హీరో వాల్‌పేపర్, ఇంకోదాని బ్రౌజర్‌కి నాలుగు టూల్‌బార్లు, మూడోదానిలో ఎవరిదో జీమెయిల్ తెరిచే ఉండేవి. అవన్నీ చేత్తో సర్దుకున్న రోజులు చూశాను. ఒక్క రీస్టార్ట్‌తో అవే సర్దుకునే రోజులూ చూస్తున్నాను. విద్యార్థులు, కొత్తగా చేరిన ల్యాబ్ అసిస్టెంట్లు, నెట్ సెంటర్ నడిపే మా బావ నన్ను అడిగేవి ఇంచుమించు ఈ ప్రశ్నలే.

ఫ్రీజ్ చేయడం అంటే అసలు ఏం చేస్తారు?

సిస్టమ్‌ను మనకు కావలసినట్టు తయారుచేసుకుని, ఇక ఇలాగే ఉండు అని కట్టేయడం. ఆ తర్వాత కూర్చున్నవాళ్లు ఫైళ్లు చెరిపేసుకోవచ్చు, గేమ్ ఎక్కించుకోవచ్చు, కంట్రోల్ ప్యానెల్లో తోచింది తిప్పొచ్చు. ఫ్రీజ్ దేనికీ అడ్డు చెప్పదు. రీస్టార్ట్ అయ్యాక మాత్రం వాళ్లు వచ్చి వెళ్లిన జాడే ఉండదు.

రీస్టార్ట్ అయ్యేటప్పుడు పాత ఫైళ్లన్నీ ఎక్కడినుంచో తెచ్చి మళ్లీ పెడుతుందని చాలామంది అనుకుంటారు. అలా పెట్టాల్సి వస్తే 40 జీబీ కాపీ కావడానికి ఎంతసేపు పడుతుందో ఆలోచించండి. నిజానికి తెచ్చి పెట్టేదేమీ లేదు, ఎందుకంటే ఏదీ మారలేదు. పటం మీద ట్రేసింగ్ పేపరు పరిచి గీసినట్టన్నమాట. పైన ఎంత గీసినా కింద పటానికి చుక్క అంటదు, పేపరు లాగేస్తే పటం పటంలాగే ఉంటుంది.

విండోస్‌కూ డిస్కుకూ మధ్య డ్రైవర్ అనే ఒక చిన్న ప్రోగ్రామ్ కూర్చుంటుంది. ఫలానా చోట ఈ డేటా రాయి అని విండోస్ చెప్తే, సరేనని తీసుకుని ఇంకెక్కడో ఖాళీ చోట రాస్తుంది. ‘అక్కడిది ఇక్కడ పెట్టాను’ అని ఒక పట్టికలో గుర్తు వేసుకుంటుంది. మళ్లీ చదవమన్నప్పుడు ముందు పట్టిక చూస్తుంది, అందులో ఉంటే కొత్తది చూపిస్తుంది, లేకపోతే అసలుది. రీస్టార్ట్‌తో ఆ పట్టిక పోతుంది. అంతే జరిగేది.

సార్, నా ప్రోగ్రామ్ పోయింది సార్. నిన్న సేవ్ చేశాను, ఇవాళ లేదు.

ఇది ప్రశ్న కాదు గానీ, నేను అన్నిటికంటే ఎక్కువసార్లు వినేది ఇదే.

ఎక్కడ సేవ్ చేశావు నాన్నా అంటే, ‘డెస్క్‌టాప్ మీద సార్’ అంటాడు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడూ సి డ్రైవ్‌లోవే. సి డ్రైవ్ ఫ్రీజ్ అయ్యుంది. డి డ్రైవ్ ఫ్రీజ్ కాలేదు, అక్కడ పెట్టింది ఉంటుంది. పెన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్, మెయిల్‌లో మీకు మీరే పంపుకున్నది, ఇవన్నీ ఉంటాయి.

ఈ మాట ప్రతి మొదటి సంవత్సరం బ్యాచ్‌కీ చెప్తాను. అయినా తప్పు పూర్తిగా వాళ్లది కాదని నాకు బోధపడటానికి ఒక ప్రాక్టికల్ పరీక్ష పట్టింది. ఆ రోజు 11 గంటలకు కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీలు ముసలివి, పది నిమిషాలకే కీచుమని చేతులెత్తేశాయి. జనరేటర్ అందుకునేలోపు 30 సిస్టమ్‌లూ పడిపోయి, మళ్లీ లేచేసరికి 30 మంది రాసిన ప్రోగ్రాములూ మాయం. పిల్లలు నా మొహం చూస్తున్నారు, ఎగ్జామినర్ గడియారం చూసుకుంటున్నారు. గంట అదనంగా ఇచ్చి ఆ పూట గట్టెక్కాం. ఆ సాయంత్రమే ప్రతి సిస్టమ్‌లోనూ డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లను డి డ్రైవ్‌కి మళ్లించి అప్పుడు ఫ్రీజ్ చేశాను. విండోస్‌లో ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో లొకేషన్ మారిస్తే చాలు, రెండు నిమిషాల పని. పిల్లవాడు అలవాటుగా డెస్క్‌టాప్ మీద పెట్టినా, అది వెళ్లేది డి డ్రైవ్‌కే.

నెట్ సెంటర్లో మాత్రం ఇలా చేయకూడదు. కారణం కింద చెప్తాను.

పోయిన ఫైల్ ఇక రాదా?

డీప్ ఫ్రీజ్ లాంటివి మార్పులను డిస్కులోనే ఖాళీ చోట రాస్తాయి. కాబట్టి ఆ బైట్లు రీస్టార్ట్ తర్వాత కూడా కొంతకాలం అక్కడే పడి ఉండొచ్చు. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో గాలిస్తే ముక్కలు ముక్కలుగా ఏదైనా దొరకవచ్చు. పాత హార్డ్ డిస్కులో కాస్త ఆశ, ఎస్ఎస్‌డీలో ఇంకా తక్కువ. మార్పులను ర్యామ్‌లో దాచే పద్ధతి వాడితే కరెంటుతోపాటే పోయాయి, వెతకడం దండగ.

నా సలహా అడిగితే, రెండొందల లైన్ల ప్రోగ్రామ్ కోసం గాలించే సమయంలో దాన్ని మళ్లీ రాసేయొచ్చు. రెండోసారి రాసింది మొదటిదానికంటే బాగుంటుంది కూడా.

దీనికి ఏ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి?

ల్యాబుల్లో ఎక్కువగా వినిపించే పేరు డీప్ ఫ్రీజ్. కెనడాకు చెందిన ఫారోనిక్స్ కంపెనీది, 1999 నుంచి ఉంది. స్క్రీన్ కింద కుడి మూల గడియారం పక్కన చిన్న తెల్ల ఎలుగుబంటి బొమ్మ కనిపిస్తే అది ఉన్నట్టే. ఎలుగుబంటి మీద ఎర్ర ఇంటూ గుర్తు మెరుస్తుంటే ఫ్రీజ్ తీసి ఉందని అర్థం, అంటే మార్పులన్నీ నిలబడిపోతాయి. మా వాళ్లు దీన్ని ‘థాలో ఉంది’ అంటారు. కొత్త అసిస్టెంట్‌కు మొదటిరోజు నేర్పేది ఈ ఒక్క గుర్తే. రోజు చివర ఏ సిస్టమ్ మీదా ఎర్ర ఇంటూ మిగలకూడదు.

మైక్రోసాఫ్ట్ కూడా ఒకప్పుడు విండోస్ స్టెడీస్టేట్ అని ఉచితంగా ఇచ్చేది. ఎక్స్‌పీ, విస్టాలకు చక్కగా పనిచేసేది. విండోస్ 7కు దాన్ని తేలేదు. 2010 చివరితో డౌన్‌లోడ్ ఆపేసి, 2011 జూన్ 30తో మద్దతు కూడా ముగించింది. స్కూళ్లు, లైబ్రరీలు ఎంతగా ఆధారపడ్డాయో చూసి కూడా అలా వదిలేయడం నాకిప్పటికీ మింగుడు పడదు.

ఇప్పుడు విండోస్‌లోనే యూనిఫైడ్ రైట్ ఫిల్టర్ అనే సౌకర్యం ఉంది. అయితే అది ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్, ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్లలోనే దొరుకుతుంది. హోమ్‌లో లేదు, ప్రోలో లేదు. కాలేజీకి ఎడ్యుకేషన్ లైసెన్సులు ఉంటే మాత్రం అదనంగా రూపాయి ఖర్చు లేదు. దీనికి అందమైన బొమ్మలూ బటన్లూ ఏమీ ఉండవు, కమాండ్లు టైప్ చేసుకోవాలి.

రీబూట్ రిస్టోర్ ఆర్ఎక్స్, షాడో డిఫెండర్ వంటివి కూడా ఉన్నాయి. పది సిస్టమ్‌లలోపు ఉన్న చిన్న చోట్లకు అవీ సరిపోతాయి.

నెట్‌లో క్రాక్ దొరుకుతోంది కదా, అది వేసుకోవచ్చా?

వద్దు. ఇక్కడ నీతి కంటే ముందు భద్రత చూస్తున్నాను. ఈ సాఫ్ట్‌వేర్ విండోస్ గుండెల్లో కూర్చునే డ్రైవర్, డిస్కుకు వెళ్లే ప్రతి అక్షరం దాని చేతుల మీదుగా పోతుంది. ముక్కూమొహం తెలియనివాడు తిరగరాసిన డ్రైవర్‌కు ఆ చోటు ఇస్తారా? డబ్బు లేకపోతే ఉచితంగా దొరికేవి ఉన్నాయి, లినక్స్ ఉంది.

లాగాఫ్ చేస్తే చాలదా?

చాలదు. తుడిచిపెట్టేది రీస్టార్ట్ మాత్రమే. పదింటికి కూర్చున్నవాడు కీలాగర్, అంటే మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ దొంగచాటుగా రాసుకునే ప్రోగ్రామ్, ఎక్కించి లాగాఫ్ చేసి లేచిపోతే, పదకొండింటికి కూర్చున్న మీ బ్యాంకు పాస్‌వర్డ్ దానికి చిక్కుతుంది. సాయంత్రం రీస్టార్ట్‌తో ఆ కీలాగర్ పోతుంది నిజమే, కానీ పాస్‌వర్డ్ అప్పటికే ఇంటర్నెట్ దాటి వెళ్లిపోయింది. అందుకే పబ్లిక్ సిస్టమ్ దగ్గర కూర్చోగానే మీరే ఒకసారి రీస్టార్ట్ చేసుకోండి, లేచేటప్పుడు ఇంకోసారి. కీబోర్డు వైరుకూ సీపీయూకూ మధ్య ఏదైనా చిన్న డబ్బీలాంటిది గుచ్చి ఉందేమో కూడా చూడండి. అలాంటి హార్డ్‌వేర్ కీలాగర్‌ను ఏ ఫ్రీజూ ఏమీ చేయలేదు.

రోజూ షట్‌డౌన్ చేస్తున్నా పాతవి అలాగే ఉంటున్నాయి. ఎందుకు?

రైట్ ఫిల్టర్ వాడేచోట ఇది జరుగుతుంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. షట్‌డౌన్ కొట్టినా సిస్టమ్ పూర్తిగా ఆరదు, లోపలి భాగాన్ని నిద్రపుచ్చి డిస్కులో దాస్తుంది, మర్నాడు అక్కడినుంచే లేస్తుంది. ట్రేసింగ్ పేపరు లాగేసే ఘడియే రాదు. కంట్రోల్ ప్యానెల్లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. హైబర్నేషన్ కూడా ఆపేయండి.

ఫ్రీజ్ ఉంటే యాంటీవైరస్ అక్కర్లేదు కదా?

కావాలి. రెండు సంగతులు చెప్తాను.

మొదటిది నేను చేసిన తప్పు. ఒక వేసవిలో 40 సిస్టమ్‌లకు మాస్టర్, అంటే అన్నిటికీ కాపీ చేసే నమూనా, తయారుచేశాను. ప్రింటర్ డ్రైవర్ కోసం ఎవరిదో పెన్‌డ్రైవ్ గుచ్చాను. అందులో షార్ట్‌కట్ వైరస్ ఉంది. ఫోల్డర్లన్నిటినీ దాచేసి వాటి పేర్లతో షార్ట్‌కట్లు పెడుతుందే, అదే. నేను చూసుకోలేదు. ఆ మాస్టర్‌ను 40 సిస్టమ్‌లకూ ఎక్కించి భద్రంగా ఫ్రీజ్ చేశాను. ఇక చూడండి, యాంటీవైరస్ దాన్ని పట్టి చెరిపేస్తుంది, రీస్టార్ట్ అవగానే ఫ్రీజ్ దాన్ని మళ్లీ ప్రతిష్ఠిస్తుంది. జూన్‌లో కాలేజీ తెరిచాక పిల్లల పెన్‌డ్రైవ్‌లన్నిటికీ మా ల్యాబే అంటించింది. ఫ్రీజ్‌కు మంచీ చెడూ తెలియదు, మనం ఏది పెట్టి మూత వేస్తే దాన్నే కాపాడుతుంది.

రెండోది 2017 మే నాటి వన్నాక్రై, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్. విండోస్‌లోని ఒక లోపం ద్వారా నెట్‌వర్క్ మీదుగా తనంతట తానే పాకే రకం అది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కాయి. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో ఇచ్చింది. అప్‌డేట్ లేకుండా ఫ్రీజ్ చేసిన సిస్టమ్ రీస్టార్ట్‌తో శుభ్రంగానే లేస్తుంది, కానీ కన్నం అలాగే ఉంటుంది. పక్క సిస్టమ్ నుంచి మళ్లీ అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. పైగా ఫ్రీజ్ చేయని డి డ్రైవ్‌లో ఉన్న పిల్లల ఫైళ్లన్నీ తాళం పడిపోతాయి, అవి రీస్టార్ట్‌తో రావు.

అదే కారణంగా విండోస్ 7 సిస్టమ్‌లను ‘ఫ్రీజ్ ఉందిగా’ అని నెట్‌కు తగిలించి ఉంచకండి. వాటికి అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. విండోస్ 10కి కూడా సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

మరి అప్‌డేట్లు ఎలా వేయాలి?

ఫ్రీజ్ తీసి, వేసి, మళ్లీ ఫ్రీజ్ చేయాలి. ఈ ఏర్పాటు లేకపోతే జరిగేది కామెడీ. విండోస్ పగలంతా అప్‌డేట్ డౌన్‌లోడ్ చేసుకుంటుంది, రీస్టార్ట్ అడుగుతుంది, రీస్టార్ట్‌తో అన్నీ పోతాయి, మర్నాడు మళ్లీ మొదలు. అరవై సిస్టమ్‌లు రోజూ ఇదే చేస్తుంటే కాలేజీ నెట్ నత్తనడక నడుస్తుంది. నెట్ స్లో అని సర్వీస్ వాళ్లను తిడుతూ ఉంటాం.

మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు నెలలో రెండో మంగళవారం వస్తాయి, మన లెక్కలో ఆ రాత్రి పదిన్నర, పదకొండున్నర ప్రాంతంలో. వాటితో ఎక్కడైనా గొడవలొస్తే రెండు రోజుల్లో బయటపడతాయి కాబట్టి నేను ఆ వారం శనివారం సాయంత్రం పెట్టుకుంటాను. డీప్ ఫ్రీజ్ ఎంటర్‌ప్రైజ్ అయితే ఒకచోట కూర్చుని అన్నిటినీ థాలోకి పంపి, అప్‌డేట్ చేసి, తిరిగి ఫ్రీజ్ అయ్యేలా సమయం పెట్టేయొచ్చు. రైట్ ఫిల్టర్‌లో ఇందుకోసం సర్వీసింగ్ మోడ్ అని విడిగా ఉంది. బ్రౌజర్లు వాటంతటవే అప్‌డేట్ కాకుండా మాస్టర్‌లోనే ఆపి, ఆ శనివారమే వాటినీ చూసుకుంటాను.

ఒక్క సిస్టమ్‌లో చిన్న పని ఉంటే ‘తర్వాతి 1 రీస్టార్ట్‌కు మాత్రమే థా’ అన్న ఎంపిక పెట్టండి. మీరు మర్చిపోయి టీకి వెళ్లినా మరుసటి రీస్టార్ట్‌తో అదే ఫ్రీజ్ అయిపోతుంది.

ఫ్రీజ్ ఉన్న సిస్టమ్ నెలకోసారి సర్వర్‌కు లాగిన్ కానంటోంది. ఏమైంది?

డొమైన్‌లో, అంటే ఒకే సర్వర్ అదుపులో, ఉన్న సిస్టమ్‌లకే ఈ జబ్బు. మనకు లాగే కంప్యూటర్‌కూ సర్వర్ దగ్గర ఒక రహస్య పాస్‌వర్డ్ ఉంటుంది. 30 రోజులకోసారి అది తనంతట తానే దాన్ని మార్చుకుని సర్వర్‌కు చెప్తుంది. తర్వాత రీస్టార్ట్ అయి, మార్చుకున్న సంగతే మర్చిపోయి, పాత పాస్‌వర్డ్ పట్టుకుని వెళ్తుంది. సర్వర్ నువ్వెవరో నాకు తెలియదు పొమ్మంటుంది. గ్రూప్ పాలసీలో కంప్యూటర్ ఖాతా పాస్‌వర్డ్ మార్పును ఆపేస్తే సరిపోతుంది. ఈ ఒక్క ముక్క తెలియక నేను ఒక ఏడాదంతా నెల నెలా 30 సిస్టమ్‌లను డొమైన్‌లోంచి తీసి మళ్లీ చేర్చాను.

ఫ్రీజ్ వల్ల సిస్టమ్ స్లో అవుతుందా?

మామూలు వాడకంలో తెలియదు. డిస్కులో మార్పులు రాసేవాటికి సి డ్రైవ్‌లో తగినంత ఖాళీ ఉండాలి, అంతే. రైట్ ఫిల్టర్ మాత్రం ముందుగా ర్యామ్‌నే వాడుకుంటుంది, దానికి మొదట్లో ఉండే హద్దు 1024 ఎంబీ. ఎవరైనా పెద్ద సినిమా సి డ్రైవ్‌లోకి డౌన్‌లోడ్ పెడితే అది నిండిపోయి సిస్టమ్ బిగుసుకుపోతుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్‌లలో దీన్ని డిస్కు మీదకు మార్చుకోవడం మేలు.

తరచూ కరెంటు పోయే చోట ఫ్రీజ్ మంచిదేనా?

చాలా మంచిది. ఇది అమ్మేవాళ్లు కూడా పెద్దగా చెప్పని లాభం. విండోస్ ఏదో రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైల్ సగంలో చెడిపోయి, మర్నాడు నీలం తెర వస్తుంది. ఫ్రీజ్‌లో ఉంటే అసలు ఫైళ్ల మీద రాతే పడదు కదా, లేచేసరికి శుభ్రంగా ఉంటుంది. మా ఊళ్లో ఎండాకాలం కోతల్లో మునుపు వారానికి రెండు మూడు విండోస్‌లు తిరిగి వేసేవాణ్ని. డిస్కే పోతే, పవర్ సప్లై మాడితే అది వేరే సంగతి.

నెట్ సెంటర్‌కు ఇది ఎలా పనికొస్తుంది?

మా బావ సెంటర్‌కు వచ్చేవాళ్లలో సగంమంది ఆధార్ డౌన్‌లోడ్‌కో, కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టుకోవడానికో, ఉద్యోగం అప్లికేషన్‌కో వస్తారు. పని అయ్యాక ప్రింటు తీసుకుని వెళ్లిపోతారు, పీడీఎఫ్ అక్కడే ఉంటుంది. ఫ్రీజ్ పెట్టకముందు ఒకసారి అక్కడ డౌన్‌లోడ్స్ తెరిచి చూశాను. ఆధార్‌లు, పదో తరగతి మార్కుల మెమోలు, పెళ్లి బయోడేటాలు, ఒకాయన బ్యాంకు స్టేట్‌మెంటు. వరుసగా, తేదీలతో సహా. ఇ-ఆధార్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అదే పాస్‌వర్డ్. పక్కనే ఉన్న మెమోలో రెండూ దొరుకుతాయి.

అందుకే నెట్ సెంటర్లో అన్ని డ్రైవ్‌లూ ఫ్రీజ్ చేయాలి, డి డ్రైవ్ మినహాయింపు ఇవ్వకూడదు. ఒక కస్టమర్ లేవగానే రీస్టార్ట్ కొట్టాలి. ల్యాబ్‌లో పిల్లవాడి పని నిలవాలి, ఇక్కడ మనిషి వివరాలు నిలవకూడదు. ఒకే సాఫ్ట్‌వేర్, రెండుచోట్లా పెట్టే తీరు పూర్తిగా తలకిందులు.

ఇంకో సంగతి. ముందే చెప్పినట్టు రీస్టార్ట్ అంటే డిస్కును కడిగేయడం కాదు, చూపు నుంచి తప్పించడం. పాత డిస్కులను అమ్మేటప్పుడు విడిగా పూర్తిగా చెరిపించాలి.

‘బావా, పోలీసులొచ్చి పోయిన నెల ఎవరేం చూశారో చూపించమంటే? అన్నీ చెరిగిపోయాయి అంటే ఊరుకుంటారా?’

ఊరుకోరు. సైబర్ కేఫ్‌ల కోసం 2011లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, వచ్చినవాళ్ల గుర్తింపు వివరాలు, లాగ్ రిజిస్టర్, చూసిన వెబ్‌సైట్ల చరిత్ర కనీసం ఒక సంవత్సరం దాచాలి. ఫ్రీజ్ చేసిన సిస్టమ్‌లో బ్రౌజర్ చరిత్ర ఎలాగూ మిగలదు. కాబట్టి ఆ లాగ్‌లు కస్టమర్ సిస్టమ్‌లలో కాకుండా, అన్నిటికీ నెట్ ఇచ్చే ప్రాక్సీ మీద గానీ కౌంటర్ దగ్గరి సిస్టమ్‌లో గానీ పడేలా పెట్టుకోవాలి. కౌంటర్ సిస్టమ్‌ను ఫ్రీజ్ చేయకూడదు. నిజానికి ఇలా పెట్టుకుంటేనే లాగ్‌లకు విలువ. కస్టమర్ ముందున్న సిస్టమ్‌లో ఉంటే వాడే చెరిపేసి పోగలడు.

తెలుగు కీబోర్డు రోజూ పోతోంది, రోజూ చేర్చుకోవాల్సి వస్తోంది.

మాస్టర్‌లోనే చేర్చి ఫ్రీజ్ చేయమని అడగండి, మొహమాటపడకండి. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు విండోస్‌లో ఎప్పటినుంచో ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఫొనెటిక్ కీబోర్డు 2019 మే నాటి విండోస్ 10 అప్‌డేట్‌తో వచ్చింది. నేను రెండూ పెడతాను. నిర్మలా ఫాంటు దానితోనే వస్తుంది, గౌతమి, వాణి ఫాంట్లు విండోస్ 10లో విడిగా చేర్చుకోవాలి. పక్కన డీటీపీ పని ఉండే సెంటర్లయితే అను ఫాంట్లు కూడా ముందే వేసుకోవాలి, లేదంటే కస్టమర్ తెచ్చిన పెళ్లి శుభలేఖ పిచ్చి గీతల్లా తెరుచుకుంటుంది.

సిస్టమ్ రిస్టోర్, రీసెట్, ఘోస్ట్ వీటికీ దీనికీ తేడా ఏమిటి?

సిస్టమ్ రిస్టోర్ విండోస్ ఫైళ్లనూ సెట్టింగులనూ పాత తేదీకి తీసుకెళ్తుంది, మీ పత్రాల జోలికి రాదు. రీసెట్ అంటే విండోస్‌ను కొత్తగా వేసుకోవడమే. ఘోస్ట్ వేయడం అంటే మొత్తం డిస్కును ఫొటో తీసినట్టు ఇమేజ్ తీసి, కావలసినప్పుడు తిరిగి ఎక్కించడం. క్లోన్‌జిల్లా, ఫాగ్ రెండూ ఉచితం. ఫాగ్‌తో నెట్‌వర్క్ మీదుగా ల్యాబ్ మొత్తానికీ ఒకేసారి ఎక్కించొచ్చు. ఇమేజ్, ఫ్రీజ్ ఒకదానికొకటి పోటీ కాదు. ఇమేజ్‌తో అన్నిటినీ ఒకేలా చేసి, ఫ్రీజ్‌తో అలాగే ఉంచుతాం. డిస్కు పోయిననాడు ఫ్రీజ్ ఆదుకోదు, ఇమేజే దిక్కు.

లినక్స్‌లో ఉందా?

ఉంది, డబ్బు పెట్టే పని లేదు. ఉబుంటులో ఓవర్‌లేరూట్ అనే ప్యాకేజీ వేసి, దాని సెట్టింగుల ఫైల్లో ఒక్క లైను మారిస్తే మార్పులన్నీ ర్యామ్‌లోకి పోతాయి. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్‌లో అయితే దాని కాన్ఫిగరేషన్ మెనూలోనే ఓవర్‌లే ఎంపిక ఉంది. ఎస్‌డీ కార్డులు రాతలతో అరిగి చచ్చిపోతుంటాయి కాబట్టి నోటీసు బోర్డు తెరలకు వాడే పైలన్నిటికీ నేను అదే పెట్టాను.

పిల్లలు దీన్ని ఛేదించలేరా?

ప్రయత్నిస్తారు. ప్రయత్నించనివాడు కంప్యూటర్ సైన్స్ తీసుకోవడం దేనికి? పాత వెర్షన్లను ఊడదీసే పనిముట్లు ఒకప్పుడు చేతులు మారేవి, కాబట్టి వెర్షన్ కొత్తదిగా ఉంచుకోండి. అంతకంటే తేలిక దారి వేరే ఉంది. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ పెట్టుకుని దానితో బూట్ చేస్తే మన డ్రైవర్ లేవనే లేవదు, సి డ్రైవ్ బార్లా తెరుచుకుంటుంది. విండోస్ కంటే ముందు లేచే బయోస్ సెట్టింగులకు పాస్‌వర్డ్ పెట్టి, యూఎస్‌బీ బూట్ ఆపేయండి. క్యాబినెట్‌కు చిన్న తాళం వేయండి. విద్యార్థి ఖాతాకు అడ్మిన్ హక్కులు ఇవ్వకండి, ఫ్రీజ్ ఉన్నా సరే.

ఇంట్లో సిస్టమ్‌కు వేసుకోనా?

వద్దు. ఇంట్లో మీకు కావలసింది ఫైళ్లు నిలవడం. పిల్లలకు అడ్మిన్ కాని ఖాతా ఒకటి తెరిచి ఇవ్వండి. అనుమానం ఉన్న ఫైల్‌ను తెరిచి చూడాలంటే విండోస్ శాండ్‌బాక్స్ ఉంది, మూసేయగానే అందులోవి పోతాయి. అది ప్రో ఎడిషన్లో వస్తుంది, హోమ్‌లో రాదు.

సరే, ఫ్రీజ్ చేసే ముందు ఏమేం చూసుకోవాలి?

ఫ్రీజ్ చేయడం ఐదు నిమిషాలు. ఏది పెట్టి ఫ్రీజ్ చేయాలో తేల్చుకోవడానికి నాకు రెండు రోజులు పడుతుంది. ముందు ప్రతి విభాగం సార్లనూ మేడమ్‌లనూ అడిగి సెమిస్టర్‌కు కావలసిన సాఫ్ట్‌వేర్ కాగితం మీద రాయించుకుంటాను. ఒకరికి పైథాన్, ఒకరికి ఒరాకిల్, ఇంకొకరికి ఇప్పటికీ ఆ నీలం తెర టర్బో సీ. నోటిమాటగా తీసుకుంటే మూడో వారంలో ‘మా ల్యాబ్‌కు ఫలానాది లేదండీ’ అంటూ వస్తారు.

తర్వాత విండోస్ కొత్తగా వేసి, అప్‌డేట్లన్నీ పూర్తిచేసి, డ్రైవర్లు, సాఫ్ట్‌వేర్, ప్రింటర్, తెలుగు కీబోర్డు పెట్టి, ఫాస్ట్ స్టార్టప్ తీసేసి, ఫోల్డర్లను డి డ్రైవ్‌కు మళ్లిస్తాను. ఆపైన విద్యార్థి ఖాతాతో లాగిన్ అయి ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ ఒకసారి తెరుస్తాను. మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే ‘అంగీకరిస్తున్నారా’ డబ్బాలు ఉంటాయి చూడండి, వాటిని ఇప్పుడే మూసేయకపోతే ఫ్రీజ్ అయ్యాక ప్రతి రోజూ ప్రతి పిల్లవాడికీ అవే వస్తాయి. బ్రౌజర్‌లో నా మెయిల్ ఏదైనా లాగిన్ అయ్యి ఉందా అని రెండుసార్లు చూసుకుంటాను. ఒకసారి చూసుకోలేదు, వారం రోజులు 30 సిస్టమ్‌లలో నా యూట్యూబ్ చరిత్ర కనిపించింది. మా స్టాఫ్ రూమ్‌లో ఘంటసాల పద్యాల మీద నాకున్న పిచ్చి అందరికీ తెలిసింది అలాగే.

చివరగా పూర్తి స్కాన్, రెండు రీస్టార్ట్‌లు, ఇమేజ్ తీయడం, అప్పుడు ఫ్రీజ్.

ఫ్రీజ్ పాస్‌వర్డ్ మర్చిపోతే?

డీప్ ఫ్రీజ్ ఎంటర్‌ప్రైజ్‌లో కన్సోల్ నుంచి ఒకసారికి పనిచేసే పాస్‌వర్డ్ పుట్టించుకోవచ్చు. స్టాండర్డ్ అయితే ఆ సౌకర్యం లేదు, డిస్కు చెరిపేసి మళ్లీ ఇమేజ్ ఎక్కించుకోవడమే. ఫ్రీజ్‌లో ఉండగా దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయడం కూడా కుదరదు, ముందు థాలోకి తేవాలి, దానికి పాస్‌వర్డ్ కావాలి. నాకంటే ముందున్నాయన బదిలీ మీద వెళ్తూ పాస్‌వర్డ్ తనతోనే తీసుకెళ్లాడు, ఫోన్ చేస్తే ఆయనకూ గుర్తులేదు. 60 సిస్టమ్‌లు తిరిగి వేశాను. ఇప్పుడు మా పాస్‌వర్డ్ సీలు వేసిన కవర్లో హెచ్ఓడీ గారి బీరువాలో, హాజరు రిజిస్టర్ల కింద ఉంటుంది.